హైదరాబాద్‌లో రోజువారీ ప్రయాణాన్ని ఫోనులో ఎలా సిద్ధం చేసుకోవాలి?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాయదుర్గం వైపు ఉద్యోగానికి వెళ్లేవారిని అడగండి. అసలు కష్టం మెట్రోలో కాదు, దిగాక ఆఫీసు గేటు దాకా మిగిలే దూరంలో ఉంటుంది. అందుకే చేరాల్సిన చోటు నుంచి వెనక్కి లెక్క వేసుకోండి.

గూగుల్ మ్యాప్స్‌లో గమ్యం ఇచ్చి, రైలు బొమ్మ ఉన్న భాగం తెరవండి. బయలుదేరే వేళ కాదు, చేరాల్సిన వేళ ఇవ్వండి. అన్నిటికన్నా తక్కువ నిమిషాలు చూపే దారిని వెంటనే ఎంచుకోకండి. ఎన్నిచోట్ల మారాలి, ఎంత నడవాలి అన్నవి చూడండి. అమీర్‌పేటలో ఎరుపు లైను నుంచి నీలం లైనుకు మారాలంటే అంతస్తు మారాలి. ఉదయం రద్దీలో దానికి నేను పది నిమిషాలు కలుపుకుంటాను.

పేర్ల దగ్గర చాలా జాగ్రత్త. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషను ఒకచోట, అదే పేరున్న మెట్రో స్టేషను దూరంగా మరొకచోట. మా చెల్లెలు మొదటి ఇంటర్వ్యూ రోజున ఒకటనుకుని మరొకదానిలో దిగి, ఎండలో ఆటో కోసం నిలబడింది. భరత్‌నగర్, బేగంపేటలో మాత్రం రెండూ దగ్గరదగ్గరే. సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషను నీలం లైనులో, వెస్ట్ ఆకుపచ్చ లైనులో ఉంటాయి.

తర్వాత టికెట్లు. మెట్రోకు వాట్సాప్‌లోనే క్యూఆర్ టికెట్ తీసుకోవచ్చు. లైను మారినా అదే చెల్లుతుంది. ఎంఎంటీఎస్‌కు 2025 జులైలో వచ్చిన రైల్‌వన్ యాప్ ఉంది. కాగితం లేని టికెట్‌ను ప్లాట్‌ఫాం మీదికి వెళ్లకముందే కొనండి. మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి ఉచిత ప్రయాణం ఉంది. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి. వీటన్నిటికీ ఒకే టికెట్ రావాలని ఎంతగానో కోరుకుంటున్నాను.

ఇక ఆ చివరి దూరం. రైలు దుర్గం చెరువు దాటగానే ఆర్టీసీ వారి గమ్యం యాప్ తెరిచి, మీ బస్సు ఎక్కడుందో చూడండి. ఐదారు నిమిషాల్లో వచ్చేదైతే ఆగండి. లేకపోతే రాయదుర్గంలో దిగకముందే ఆటో బుక్ చేసి, ఏ ద్వారం దగ్గర నిలబడతారో డ్రైవరుకు సందేశం పంపండి.