కీమోథెరపీకి బయలుదేరే ముందు: వికారం విషయంలో జాగ్రత్తలు

వాంతులు మొదలయ్యాక అదుపు చేయడం కష్టం కనుక, వాటిని నివారించే మాత్రలను వికారం వచ్చేదాకా ఆగకుండా డాక్టరు చెప్పిన వేళకే వేసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదేనని నా నమ్మకం.

సిస్‌ప్లాటిన్ వంటి కీమో మందు ఎక్కించిన రోజు తేలికగానే గడిచి, రెండు మూడు రోజుల తరువాత వికారం తీవ్రం కావచ్చు. అందుచేత ఇంటికి రాసిచ్చిన మాత్రలను బాగానే ఉందనుకుని మధ్యలో మానకూడదు. ఈ వాంతి నివారణ మాత్రల్లో ఒండాన్‌సెట్రాన్ వల్ల మలబద్ధకం, ఒలాంజపిన్ వల్ల మత్తు కలగవచ్చని ముందే తెలిసి ఉంటే ఇంట్లోవారికి కంగారు ఉండదు.

పరగడుపున ఉండమని చెబితే తప్ప ఖాళీ కడుపుతో వెళ్లవద్దు. ఇడ్లీయో, మెత్తని అన్నమో కొద్దిగా తింటే చాలు. ఆ రోజు రోగికి ఎంతో ఇష్టమైన కూర వండకపోవడమే మేలు, ఎందుకంటే వికారంతో ముడిపడిన రుచిపై తరువాత విముఖత ఏర్పడవచ్చు. పోపు ఘాటు, అగరుబత్తుల వాసన దరిచేరనీయకూడదు.

సంచిలో నీళ్ల సీసా, మరమరాలు, తువాలు, వాంతికి పనికివచ్చే కవర్లు ఉంచుకోవాలి.

గత విడతలో ఎన్నిసార్లు వాంతులయ్యాయో, ఆసుపత్రి వాసనకే కడుపులో తిప్పుతోందా అన్నది సంకోచించకుండా డాక్టరుకు చెప్పండి. దానికి తగినట్లు మందులు మార్చే వీలుంది.

ఆసుపత్రి అత్యవసర నంబరు ఫోనులో ఉందో లేదో చూసుకోండి. నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఫోను చేయాలి.