స్టీలు గైడుపై పొడి కందెన నిలిచింది: నా అనుభవం

చెక్కపొట్టు ఎగిరే మా వర్క్‌షాపులో రంపం బల్ల గైడుకు నూనె వేస్తే జిగటగా మారేది. మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే పొడి కందెన రాస్తే వారంలోనే పొర లేచిపోయి కీచుమనేది. ఎక్కువ పొడి చల్లినా, పైన గ్రీజు పూసినా, గ్రాఫైట్ కలిపినా లాభం లేకపోయింది.

లోపం పొడిలో కాదు, దాని అడుగున ఉంది. కిటికీలు తెరిచి, పాత నూనె జాడ పోయేదాకా అసిటోన్‌తో రెండుసార్లు తుడిచాను. 400 నంబరు ఎమరీ కాగితంతో మెరుపు పోయేంత మాత్రమే రుద్ది, మళ్ళీ తుడిచాను. ఆ సన్నని గీతలే పొడికి పట్టునిస్తాయి. తరువాతిదే అసలు పని. చిటికెడు పొడిని నూలుగుడ్డతో గట్టిగా నొక్కుతూ, ఒకే దిశలో, బూడిదరంగు నిగనిగ వచ్చేదాకా రుద్దాలి. అప్పుడే దాని రేకులు స్టీలుకు సమాంతరంగా పరుచుకుని, ఒకదానిపై ఒకటి సులువుగా జారతాయి.

నాలుగు నెలలుగా సాఫీగా నడుస్తోంది. అయితే మాది తేలిక బరువు, పొడి గాలి. తేమలో ఈ పొర త్వరగా అరుగుతుంది, వానాకాలం నేనింకా చూడలేదు.