పాత కారు వేడి మీద సెల్ఫ్ తీసుకోకపోతే: నా అనుభవం

పొద్దున చక్కగా స్టార్ట్ అవుతుంది. ఎండలో తిరిగి ఆపితే మాత్రం 'టక్' అని ఒక్క చప్పుడు, అంతే. లైట్లు బాగానే వెలుగుతాయి. కొత్త బ్యాటరీ, సెల్ఫ్ మోటార్ రిపేరు, ఇగ్నిషన్ స్విచ్: ఏదీ పనిచేయలేదు.

తేల్చింది మల్టీమీటరే. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ అందుకోకుండా స్పార్కుకు కరెంటు ఇచ్చే కాయిల్ వైరు ఊడదీయండి. మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగటివ్ పోస్టుకు (దాన్ని పట్టుకునే క్లాంపుకు కాదు), రెండోది ఇంజన్ బ్లాకు మీద రంగులేని ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల దాకా ఫరవాలేదు. 0.5 దాటితే ఎర్త్ పట్టీ (ఇంజన్‌ను కారు బాడీకి కలిపే తీగల పట్టీ) లేదా ఆ దారిలోని బిగింపులు పోయినట్టే. అలాంటప్పుడు కరెంటు క్లచ్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. ఆ కేబుల్ వేడెక్కితే అనుమానం అక్కర్లేదు.

ముందు నెగటివ్ క్లాంపు తీయాలి. పట్టీ రెండు కొసలూ, అవి కూర్చునే చోట్లూ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాలి. తీగలు పచ్చబడితే పట్టీ మార్చేయడమే మేలు. పళ్ల వాషర్ వేసి బిగించాక పైన వ్యాజిలిన్ పూయాలి, ముందే కాదు. మళ్లీ కొలవండి.

రీడింగ్ మొదటే తక్కువుంటే ఈ చిట్కా మీకు పనికిరాదు. పాజిటివ్ కేబుల్‌నూ ఇలాగే కొలిచి, తర్వాత సాలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) చూడండి.