పౌర విధుల బోధన – ఐదో పాఠం: ఓటును ఏ పెట్టెలో వేయాలి?

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చాలా సులువైనదని నేననుకున్నాను. ఇరవై పనుల జాబితా పిల్లల ముందుంచి, చట్టం నిర్బంధించేవి మొదటి పెట్టెలో, రాజ్యాంగం విధులుగా పేర్కొన్నవి రెండో పెట్టెలో, మనస్సాక్షి కొద్దీ చేసేవి మూడో పెట్టెలో వేయించమన్నాను. విజయవాడ, గుంటూరు ఉపాధ్యాయ మిత్రులారా, మీరు పంపిన పిల్లల జవాబు చీటీలు చూస్తే, ఎక్కువ తరగతులు ఓటు వేయడాన్నీ పన్ను కట్టడాన్నీ రెండో పెట్టెలోనే పడేశాయి. పిల్లలు పొరబడితే దిద్దవచ్చు, కానీ ఆ చీటీల మీద ఎర్ర సిరాతో ‘ఒప్పు’ అని గుర్తు పెట్టింది మీరే. అందువల్ల ఈసారి చెప్పదలచిన నగరపాలన పాఠాన్ని పక్కన పెట్టి, ముందు ఈ చిక్కు విప్పుదాం.

రెండో పెట్టెలోకి వచ్చే ప్రాథమిక విధుల పుట్టుపూర్వోత్తరాలు మీకు తెలిసినవే. 1976లో రాజ్యాంగ 42వ సవరణ ద్వారా 51ఎ అధికరణంలో పది విధులు చేరాయి, 2002లో 86వ సవరణతో పదకొండోది వచ్చింది. పిల్లలకు ఇంతకు మించి తేదీలు అక్కర్లేదు.

ఇప్పుడు ఆ అధికరణాన్ని తెరిచి, మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదవండి. గైడు పుస్తకంలో కాదు, రాజ్యాంగ ప్రతిలోనే చదవండి. ఓటు అనే మాట అందులో ఎక్కడా లేదు, పన్ను అనే మాటా లేదు. పన్ను చెల్లింపును విధిగా చేర్చాలని, ఈ విధులను సిఫారసు చేసిన స్వరణ్ సింగ్ కమిటీ సూచించింది గానీ, సవరణలో దానికి చోటు దక్కలేదు. అయితే పన్ను ఎక్కడుంది? చట్టం లేనిదే పన్ను వసూలు చేయరాదని 265వ అధికరణం చెబుతుంది. ఆ చట్టం ఉన్నప్పుడు కట్టక తప్పదు, కట్టకపోతే జరిమానా ఉంటుంది. కాబట్టి పన్నుది మొదటి పెట్టె. ఓటు సంగతి వేరు. 326వ అధికరణం వయోజన ఓటు హక్కును స్థాపించింది, 1950, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టాలు దాన్ని నడిపిస్తున్నాయి. పోలింగు రోజున ఇంట్లో పడుకున్నవాడికి మన దేశంలో ఏ శిక్షా లేదు. అందుచేత ఓటు వేయడమనే పని, మీకు ఎంత కష్టంగా తోచినా, మూడో పెట్టెలోకే వెళుతుంది.

ఇంత చిన్న విషయానికి ఇంత పట్టుదల ఎందుకని అడగవచ్చు. ఓటు ప్రాథమిక విధి అని మీరు ఎనిమిదో తరగతిలో చెప్పిన పిల్లవాడు, ఇంటర్‌లో రాజ్యాంగం తెరిచి అది అక్కడ లేదని తెలుసుకుంటే, మీరు చెప్పిన మిగతా వాటినీ అనుమానిస్తాడు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. లేని రెండింటిని జాబితాలోకి తోస్తే, ఉన్న రెండు బయటికి జారిపోతాయి. మీరు పంపిన చీటీలు మళ్ళీ తిరగేయండి. స్త్రీల గౌరవానికి భంగం కలిగించే ఆచారాలను విడనాడటం 51ఎలో స్పష్టంగా ఉంది. ఏ ఒక్క చీటీలోనూ అది కనిపించలేదు. శాస్త్రీయ దృక్పథం, మానవతావాదం, జిజ్ఞాస కూడా ఉన్నాయి, అవీ కనిపించలేదు. కట్నం గురించో వాస్తు గురించో తరగతిలో మాట్లాడటం కన్నా ఓటు గురించి మాట్లాడటం మనకు హాయిగా ఉంటుందేమోనని నా అనుమానం.

పదకొండో విధి విషయంలోనూ దాదాపు అందరూ తడబడ్డారు. ‘బాగా చదువుకోవడం నా ప్రాథమిక విధి’ అని పిల్లలు రాశారు. 51ఎలోని పదకొండో విధి వాక్యాన్ని మరోసారి చూడండి: ఆరు నుంచి పద్నాలుగేళ్ల బిడ్డకు చదువుకునే అవకాశం కల్పించవలసింది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు. మిరప కోతల కాలంలో బడికి రాని పిల్లను మందలించే ముందు ఈ వాక్యం గుర్తుకు రావాలి. నేను తరగతిలో ‘విధి’ అనే మాటను వీలైనంత తగ్గిస్తాను, ఎందుకంటే పిల్లలకు అది తలరాతగానో ‘విధి లేక’ చేసిన పనిగానో వినిపిస్తుంది. దానికి బదులు ‘ఇది ఎవరి పూచీ?’ అని అడుగుతాను. ఆ ఒక్క ప్రశ్నతో సగం తప్పులు వాటంతట అవే తొలగిపోతాయి.

శిక్ష గురించి క్లుప్తంగా. 51ఎను ఉల్లంఘించాడని నేరుగా ఎవరినీ శిక్షించలేరు. అయితే ఆ విధుల్లో కొన్నింటికి విడి చట్టాలున్నాయి: జాతీయ పతాకాన్ని అవమానిస్తే 1971 నాటి చట్టం, ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేస్తే 1984 నాటి చట్టం శిక్షిస్తాయి. జాతీయ గీతం వేళ లేచి గౌరవంగా నిలబడి, మత విశ్వాసం వల్ల పాడని కేరళ పిల్లలను బడి నుంచి తొలగించడం చెల్లదని సుప్రీంకోర్టు 1986లో తీర్పు చెప్పింది. ప్రార్థన వేళ గొంతు కలపలేదని పిల్లలను ఎండలో నిలబెట్టేవారు ఆ తీర్పు చదవడం మంచిది.

గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక ప్రశ్న నాకు బాగా నచ్చింది. పెదనందిపాడు ఫిర్కా (కొన్ని గ్రామాల రెవెన్యూ విభాగం) రైతులు 1921–22లో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వంలో బ్రిటిష్ ప్రభుత్వానికి భూమి శిస్తు కట్టబోమన్నందుకు వాళ్లను వీరులంటున్నామే, మరి మా నాన్న ఇంటి పన్ను ఎగ్గొడితే తప్పెలా అవుతుందని ఒక అమ్మాయి అడిగిందట. ఆ ఉపాధ్యాయురాలు జవాబు తోచక పాఠం మార్చేశారు. మార్చకండి, ఇంతకన్నా మంచి ప్రశ్న మీకు ఏడాదంతా దొరకదు. స్వాతంత్ర్య పోరాట ఆదర్శాలను అనుసరించడం కూడా 51ఎలో ఒక విధే కాబట్టి, ఆ పిల్ల అడిగింది పాఠానికి నడిబొడ్డున ఉంది. ఆ రైతులు బహిరంగంగా నిరాకరించారు, జప్తులకు సిద్ధపడ్డారు. శిస్తు నిర్ణయించిన ప్రభుత్వాన్ని ఓటుతో దించే దారి వాళ్లకు లేదు. ఆ రోజుల్లోనే చీరాల జనం పురపాలక సంఘం పన్నులను వ్యతిరేకించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు ఖాళీ చేసి, నెలల తరబడి బయట పాకల్లో బతికారు. అంటే పన్నుతో పాటు అది ఇచ్చే సౌకర్యాన్నీ వదులుకున్నారు. కుళాయి నీళ్లు పట్టుకుంటూ, వీధి దీపం కింద నడుస్తూ, రహస్యంగా పన్ను ఎగ్గొట్టే మనిషి వీటిలో ఏది చేశాడో పిల్లలనే చెప్పనివ్వండి. జవాబు మీరు అందించవద్దు, మౌనం ఐదు నిమిషాలు సాగినా సరే.

వచ్చే పాఠానికి అభ్యాసం కొంచెం కష్టమైనదే, పదిహేను రోజులు తీసుకోండి. విజయవాడ వారు బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో ఒకదాని వంతెన పక్కన, పెద్దల తోడుతో, పిల్లలను అరగంట నిలబెట్టండి. గుంటూరు వారికి ఇంటి దగ్గరి మురుగు కాలువ చాలు. నీళ్లలో పడిన ప్రతి వస్తువునూ, పూజ పూల సంచితో సహా, రాయించి, అది ఎవరి పూచీయో ఎదురుగా వేయించండి: వేసినవారిదా, నగరపాలక సంస్థదా, ఇద్దరిదీనా? 51ఎలో నదులను కాపాడమన్న విధికి ఆ జాబితా ఎక్కడ తగులుతుందో ఒక పేజీలో రాయించండి. నినాదాలు రాస్తే తిప్పి పంపండి. తరువాత ప్రతి పిల్లా ఒకే ఒక్క ప్రశ్న తయారు చేసుకుని వార్డు సచివాలయంలో అడిగి, వచ్చిన జవాబును, ఎదురుచూసిన సమయాన్ని ఉన్నదున్నట్టు నమోదు చేయాలి.

పదిహేడు నిండిన పిల్లలు మీ దగ్గర ఉంటే, ఓటరు నమోదుకు వాడే ఫారం 6 తెచ్చి చివరనున్న ధ్రువీకరణను గట్టిగా చదివించండి. ఓటు వేయకపోతే శిక్ష లేదు గానీ, ఆ ఫారంలో తెలిసి అబద్ధం రాస్తే మాత్రం ఉంది. అది ఏ పెట్టెలోకి వెళుతుందో ఈసారి చీటీ మీద ఎర్ర సిరా పెట్టే ముందు మీరే తేల్చుకోండి.