స్టీలు సింకు, స్టవ్వు మీద గీతలు పడితే ఏం చేయాలి?

కుక్కర్ అడుగు రాసుకుని సింకులో, బరువైన గిన్నె లాగినప్పుడు స్టవ్వు మీద పడే గీతలను చాలావరకు ఇంట్లోనే తగ్గించుకోవచ్చు. ఒక్క సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. స్టీలు మీద గీత తుడిస్తే పోదు. చుట్టూ ఉన్న లోహాన్ని కాస్త అరగదీసి గీతను అందులో కలిపేయాలి, అంతే. అందుకే ఎంత గట్టిగా రుద్దామన్న దానికంటే ఎటు రుద్దామన్నదే ముఖ్యం.

1. అది అసలు స్టీలేనా?

ఇక్కడ తొందరపడితే వస్తువు పాడవుతుంది. స్టీలు రంగులో కనిపించే చాలా ఫ్రిజ్ తలుపులు నిజానికి రంగు పూతో, ప్లాస్టిక్ పొరో ఉన్న రేకులు. వేలిముద్రలు పడవని చెప్పి అమ్మే వాటి మీద కూడా సన్నటి పూత ఉంటుంది. వాటిని రుద్దితే పూత లేచిపోయి మచ్చ మిగులుతుంది, దాన్ని బాగుచేయడం మన చేతిలో ఉండదు. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందని కొందరంటారు, నమ్మకండి. 304 రకం స్టీలుకు అయస్కాంతం దాదాపు అంటదు, 430 రకానికి బాగా అంటుతుంది. రెండూ స్టెయిన్‌లెస్ స్టీలే. పైగా పూత కింద ఉన్న మామూలు ఇనుప రేకుకూ అంటుతుంది. వస్తువుతో వచ్చిన పుస్తకం చూడండి. గీతలోంచి వేరే రంగు కనిపిస్తోందంటే అది పూతే. అప్పుడు సబ్బునీళ్లతో తుడిచి వదిలేయండి.

2. గీతల దారి చూడండి

మొబైల్ టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా వేయండి. స్టీలు మీద ఫ్యాక్టరీలోనే పెట్టిన సన్నటి గీతలు ఒకే వరసలో కనిపిస్తాయి. మనం రుద్దాల్సింది ఆ వరస వెంటే. అడ్డంగా గానీ, గిన్నెలు తోమినట్టు గుండ్రంగా గానీ రుద్దితే ఉన్న గీత పోకపోగా కొత్తవి పడతాయి. సింకు అడుగున వరస ఒకవైపు, గోడల మీద మరోవైపు ఉండొచ్చు, విడివిడిగా చూసుకోండి. వరసే లేకుండా అద్దంలా మెరిసే స్టీలైతే ఇంట్లో ముట్టుకోవద్దు, దానికి మెషిన్ పాలిష్ కావాలి.

తర్వాత గీతకు అడ్డంగా గోరు పోనివ్వండి. గోరు చిక్కుకుందంటే గీత లోతుగా ఉన్నట్టు. దాన్ని పూర్తిగా తీయాలని చూస్తే అక్కడ గుంట పడుతుంది. అంచులు మెత్తబడితే చాలనుకోండి.

3. ముందు శుభ్రం చేయాలి

స్టవ్వయితే రెగ్యులేటర్ ఆపేసి, పూర్తిగా చల్లారనివ్వండి. సింకైతే ఆకుకూరలు కడిగినప్పుడు దిగిన ఇసుక ఒక్క రేణువు కూడా మిగలకుండా కడగండి. ఆ రేణువే గుడ్డ కింద చేరి కొత్త గీత పెడుతుంది.

4. తేలిక గీతలకు వంట సోడా

రెండు చెంచాల వంట సోడాలో కొద్దిగా నీళ్లు కలిపి, జారిపోనంత ముద్దగా చేయండి. మెత్తటి తడిగుడ్డతో వరస వెంట నెమ్మదిగా రుద్ది, తుడిచి చూడండి. పైపైన పడ్డవి చాలావరకు దీంతోనే మసకబారతాయి. సోడా లేకపోతే తెల్ల టూత్‌పేస్ట్ పనికొస్తుంది.

5. ఇంకా కనిపిస్తుంటే

బాగా వాడిన ఆకుపచ్చ స్క్రబ్ ప్యాడ్‌ని తడిపి, ముందు ఎవరికీ కనపడని మూల ప్రయత్నించండి. అది కూడా చాలకపోతే హార్డ్‌వేర్ షాపులో దొరికే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ నున్నగా ఉంటుంది) తెచ్చుకోండి. 600 నంబరుతో మొదలుపెట్టి, గీత తగ్గకపోతేనే 400కి దిగండి, తర్వాత మళ్లీ 600తో సరిచేయండి. పేపర్‌ని చిన్న చెక్కముక్కకు చుట్టి, తడిపి పట్టుకోండి. వేళ్లతో నొక్కితే ఒత్తిడి ఒకచోటే పడి పల్లం వస్తుంది. గీత ఉన్నచోటే కాకుండా ఈ చివర నుంచి ఆ చివరకు పొడవుగా లాగండి, లేకపోతే అతుకు వేసినట్టు కనిపిస్తుంది.

పేపర్ ఎంత నున్నగా ఉంటే అంత మంచిదనుకుని 1500, 2000 నంబర్లతో రుద్దితే అంత మేరే తళతళలాడి, గీత కంటే ఎక్కువగా కంటికి తగులుతుంది. పేపర్ వల్ల పడే సన్నటి గీతలు చుట్టూ ఉన్న ఫ్యాక్టరీ గీతలతో కలిసిపోగానే ఆపేయండి. స్టవ్వు నాబ్‌ల దగ్గరున్న అచ్చు గుర్తుల మీద మాత్రం ప్యాడ్ గానీ పేపర్ గానీ తగలనివ్వకండి, చెరిగిపోతాయి.

6. కడిగి పొడిగా తుడవండి

రుద్దితే తుప్పు పడుతుందేమోనని టెన్షన్ పడకండి. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనపడని రక్షణ పొరను మళ్లీ తనే ఏర్పరుచుకుంటుంది. దానికి ఉపరితలం శుభ్రంగా, పొడిగా ఉండాలి.

ఆ పొరకు అసలు శత్రువులు వేరే. ఇనుప పీచుతో తోమితే దాని ముక్కలు స్టీలుకు అంటుకుని తుప్పు పడతాయి, మనం సింకే తుప్పు పట్టిందనుకుంటాం. బ్లీచ్, బాత్రూమ్ యాసిడ్ సన్నటి గుంటలు పెడతాయి. ఉప్పునీళ్లు కూడా రాత్రంతా నిలవ ఉంచొద్దు.

కొత్త సింకు మీద మొదటి గీత బాగా బాధపెడుతుంది గానీ, వాడేకొద్దీ చిన్న గీతలన్నీ కలిసి ఉపరితలం ఒకే తీరుగా మారుతుంది. అడుగున రబ్బరు మ్యాట్ వేసుకుంటే గీతలు తగ్గుతాయి. రాత్రి పని అయ్యాక మాత్రం దాన్ని తీసి ఆరబెట్టండి. కింద నీళ్లు నిలిస్తే అక్కడే మరకలు పడతాయి.