ఫ్లెక్సీ మీద ప్యాకేజీ చూసి ఆప్షన్ పెట్టకండి

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర నాది నెట్ సెంటర్. ఇంజినీరింగ్ సీట్ల కోసం ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు (కావాల్సిన కాలేజీల వరస) పెట్టే రోజుల్లో గజపతినగరం, బొబ్బిలి, చీపురుపల్లి వైపు నుంచి తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. జేబులోంచి కాలేజీ కరపత్రం తీసి, "బాబూ, ఇందల పన్నెండు లచ్చలొత్తాయంట, నిజమేనా?" అంటారు. పొలం తాకట్టు పెట్టి వచ్చినవాళ్లూ ఉంటారు. అందుకే తొందరపడి క్లిక్ కొట్టను.

ముందు 'హయ్యస్ట్ ప్యాకేజీ', అంటే అన్నిటికన్నా పెద్ద ఏడాది జీతం, లెక్కలోంచి కొట్టేయండి. అది ఒక్క పిల్లాడిది. 'యావరేజ్' కూడా నమ్మొద్దు. పదిమందిలో ఒకరికి 30 లక్షలు, మిగతా తొమ్మిదిమందికి 3 లక్షల చొప్పున వస్తే సగటు 5.7 లక్షలవుతుంది. ఆ జీతం పదిమందిలో ఒక్కరికీ లేదు! అడగాల్సింది మీడియన్. జీతాలన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా నడిమధ్యన ఉండేది. ఇక్కడది 3 లక్షలే.

మీడియన్ ఎక్కడ దొరుకుతుందంటారా? 2016 నుంచి కేంద్రం ఎన్ఐఆర్ఎఫ్ పేరుతో కాలేజీలకు ర్యాంకులు ఇస్తోంది. వాటికోసం కాలేజీలు పంపిన వివరాలు పీడీఎఫ్‌గా ఉంటాయి. ర్యాంకు వచ్చిన కాలేజీవైతే ఆ సైట్లోనే తెరవొచ్చు. రానివాటికి కాలేజీ సొంత సైట్లో ఎన్ఐఆర్ఎఫ్ లింకు వెతకండి. అందులో ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మీడియన్ జీతమెంత, పైచదువులకు ఎందరు వెళ్లారు అని మూడు బ్యాచ్‌ల లెక్క ఉంటుంది.

నేను కాగితం మీద ఇలా వేసి చూపిస్తాను. లేటరల్ ఎంట్రీ (డిప్లొమా చేసి నేరుగా రెండో ఏట చేరేవాళ్లు)తో కలిపి చేరింది 600 మంది, పాసైంది 420, ఉద్యోగం 250 మందికి. ఉద్యోగాల ఎంపికకు 'అర్హులు' 263 మందే అని చెప్పి కరపత్రంలో 95 శాతం వేసుకోవచ్చు. చేరినవాళ్లలో చూస్తే 42 శాతం కూడా లేదు. మీ బిడ్డ ఆ 600లో ఒకరు. పైగా మీడియన్ ఉద్యోగం వచ్చినవాళ్లదే, రానివాళ్లు ఆ లెక్కలో ఉండరు. ఇవీ కాలేజీ తానుగా ఇచ్చుకున్న అంకెలే, బ్రాంచిలన్నీ కలిపేసినవి. అందుకే మీ బ్రాంచి లెక్క విడిగా అడగండి.

ఆఫర్లు వేరు, మనుషులు వేరు. మా అక్క కొడుక్కి రెండు ఆఫర్లొస్తే వాళ్ల కాలేజీ ఇద్దరిగా లెక్క రాసుకుంది. ఒక కంపెనీ అసలు పిలవనే లేదు. రెండోదాంట్లో 3.6 లక్షల సీటీసీ (ఏడాదికి కంపెనీ మనిషి మీద పెట్టే మొత్తం ఖర్చు) అన్నారు, నెలకు 30 వేలనుకుని అక్క పొంగిపోయింది. అందులో నెలకు వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చేది) 3 వేలు, కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ ఏడొందల పైచిలుకు, ఇన్సూరెన్సు. ఆపైన వాడి వాటా పీఎఫ్ మరో 1,800, వృత్తి పన్ను 200. చేతికొచ్చింది 22 వేలు. హైదరాబాదులో హాస్టలు కట్టి ఇంటికి పంపగలిగేది ఎంతో మీరే వేసుకోండి.

చివరిగా, రెండేళ్ల కిందట అదే బ్రాంచిలో పాసైనవాళ్లు మీ మండలంలోనే ఎవరో ఒకరు ఉంటారు. ఏ నెలలో చేరావు, చేతికెంత, బాండు రాయించుకున్నారా, ట్రైనింగ్ పేరుతో డబ్బు కట్టించుకున్నారా అని అడగండి. మొన్నొకాయన నా కౌంటరు దగ్గర నుంచే తన ఊరి కుర్రాడికి ఫోన్ చేశారు. పది నిమిషాలు మాట్లాడి, వచ్చి కూతురి పక్కన కూర్చున్నారు. ఒకటో ఆప్షన్‌ని నాలుగోదానికి దించాం.