లినక్స్ ఎక్కించే ముందు: డీ డ్రైవ్‌ను నమ్ముకోకండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంట్లో సిస్టమ్ బాగానే నడుస్తుంటుంది. విండోస్ 11 మాత్రం ఎక్కదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదనో, ప్రాసెసర్ పాతదనో అంటుంది. ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందువి దాదాపు అన్నిటిదీ ఇదే కథ. అలాంటి లాప్‌టాప్‌ని మూల పడేసే బదులు, విండోస్ స్థానంలో నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ వేసుకోవడం మంచి ఆలోచనే. యూట్యూబ్, వాట్సాప్ వెబ్, పిల్లల ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఉత్తరాలు, లెక్కల షీట్లకు శుభ్రంగా సరిపోతుంది. చిక్కంతా ఎక్కించే ఆ అరగంటలోనే.

మనకు బాగా అలవాటైన ఒక నమ్మకం ఉంది. షాపులో 'ఫార్మాట్ కొట్టండి' అంటే సీ డ్రైవ్ మాత్రమే తుడిచి విండోస్ మళ్లీ వేస్తారు, డీలో ఉన్న పెళ్లి ఫోటోలు అలాగే ఉంటాయి. లినక్స్ దగ్గర ఈ లెక్క పనిచేయదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఎరేజ్ డిస్క్' అనే ఎంపిక వస్తుంది. దాన్ని నొక్కితే సీ, డీ, ఈ అన్నీ కలిపి మొత్తం డిస్కు పోతుంది. పైగా అక్కడ సీ, డీ అన్న పేర్లే కనబడవు. ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 లాంటివి ఉంటాయి. ఏది ఏదో పోల్చుకోవడానికి ముఖ్యంగా సైజే ఆధారం. అందుకే ముందురోజే విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఏ డ్రైవ్ ఎన్ని జీబీలో ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. ముఖ్యమైన ఫైళ్లు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, రెండు మూడు తెరిచి చూసి, వైరు పీకేసి బీరువాలో పెట్టండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది సిస్టమ్‌కి తగిలించి ఉండకూడదు.

తరువాతి జాగ్రత్త కరెంటుది. అక్టోబరు, నవంబరు మనకు తుఫాన్ల నెలలు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఎన్ని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో ఉద్దానం వాళ్లను అడగండి. లినక్స్‌కి చోటు కోసం పార్టిషన్ (డిస్కులో ఒక్కో భాగం) సైజు మారుస్తుండగా కరెంటు పోతే అందులోని డేటాకు గ్యారంటీ లేదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అయితే వాన సూచన ఉన్న రోజు ముట్టుకోకండి. లాప్‌టాప్ అయినా, బ్యాటరీ ఆ అరగంటైనా నిలబడుతుందో లేదో ముందు చూసుకోండి. అంత తొందర లేదనుకుంటే, విండోస్ 10కి నమోదు చేసుకున్నవాళ్లకు అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు ఇస్తున్నారు. అది కూడా ఒక దారే.

ఇక మీ పని ఏమిటన్నది. టాలీతో లెక్కలు రాసేవాళ్లు, ఆధార్ వేలిముద్ర మెషీన్ వాడేవాళ్లు, డిజిటల్ సంతకంతో రిటర్నులు వేసేవాళ్లు ఆ పనికి వాడే సిస్టమ్‌ని మార్చకండి, వాటి సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్ కోసమే చేసింది. నా మాట వింటే, ఆ సిస్టమ్‌ని విండోస్‌లోనే ఉంచి ఇంట్లో ఉన్న ఇంకోదానికి లినక్స్ వేయండి.

డీటీపీ చేసేవాళ్ల సంగతి వేరు. శుభలేఖలు, కరపత్రాలు అను స్క్రిప్ట్‌లో, పేజ్‌మేకర్‌లో చేసి ఉంటే ఆ ఫైళ్లు యూనికోడ్‌లో (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతిలో) ఉండవు. ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే 'శ్రీరస్తు' ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, ఏవేవో గుర్తులు బారులు తీరతాయి. విండోస్ ఉండగానే ముఖ్యమైనవన్నీ పీడీఎఫ్ చేసుకోండి. మళ్లీ మార్చాల్సినవి ఉంటే యూనికోడ్‌లోకి మార్చి దాచండి. మామూలు తెలుగు టైపింగ్‌కి మాత్రం దిగులక్కర్లేదు. ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీలు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, పోతన, ఆర్‌టీఎస్ అన్నీ దొరుకుతాయి. చేతికి అలవాటైన కీబోర్డుతోనే కొట్టుకోవచ్చు.

ఇవన్నీ అనుకున్నట్టు ఉంటాయో లేదో ఎక్కించకుండానే తెలుసుకోవచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ పెట్టి, దాని నుంచే సిస్టమ్ ఆన్ చేయండి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే దేని నుంచి ఆన్ చేయాలో ఎంచుకునే మెనూ వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాతవన్నీ పోతాయి, అదీ గుర్తుంచుకోండి. డౌన్‌లోడ్ దాదాపు 3 జీబీ. రోజుకు జీబీన్నర ఇచ్చే ఫోన్ ప్యాక్‌కి అందదు, ఫైబర్ కనెక్షన్ ఉన్న చుట్టాలింట్లో చేసుకోవడం మేలు. అలా ఆన్ చేశాక వైఫై, సౌండు, కెమెరా, ప్రింటర్ ఒక్కోటి చూడండి. ప్రింటర్ దగ్గర తొందరపడకండి. హెచ్‌పీవి చాలావరకు తగిలించగానే పనిచేస్తాయి. మన జిరాక్స్ షాపుల్లో కనబడే కానన్ ఎల్‌బీపీ 2900కి మాత్రం ప్రత్యేక డ్రైవర్ కావాలి, కుదిర్చేసరికి ఓపిక పోతుంది.

విండోస్‌ని కూడా పక్కన ఉంచుకుంటామంటే కంట్రోల్ ప్యానెల్‌లో ఫాస్ట్ స్టార్టప్ (విండోస్ త్వరగా తెరుచుకునేలా చేసే సెట్టింగు) ఆపేయండి. లేకపోతే లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లో ఏమీ రాయలేకపోవచ్చు. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బయోస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌లో) సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగు మార్చగానే విండోస్ ఆ కీ అడిగే అవకాశం ఉంది. రెండూ ఉన్న సిస్టమ్‌లో గడియారం అయిదున్నర గంటలు తేడా చూపిస్తే టెన్షన్ పడకండి. బయోస్‌లోని టైమును విండోస్ మన టైముగా చదువుతుంది, లినక్స్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదువుతుంది. దాన్ని సరిచేసే సెట్టింగు ఉంది.

ఇంకో పెన్‌డ్రైవ్ మీద విండోస్ కూడా ఇప్పుడే చేయించి పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్ విండోస్‌లో తప్ప నడవదు. విండోస్ తీసేశాక ఆ టూల్ కావాలంటే పక్కింటి సిస్టమ్ అడగాల్సి వస్తుంది. విండోస్ డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి, అదే ఎడిషన్ (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) తిరిగి వేసి నెట్ కలిపితే మామూలుగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది.